గొణుగుడును దరఖాస్తును: ఒక సంవాదము

ఉప్పల్ కూడలినుండి నాచారమునకు హబ్సిగూడ మీదుగా పోయినను, చిలుకానగరు లోపలి వీథుల వెంబడి పోయినను, ప్రొద్దుటి వేళ గేట్ల యొద్దను, పాల దుకాణముల యొద్దను, చెత్తబండి ఆగు మలుపులయందును జనులు పరస్పరము పలుకరించుకొను తీరు ఒక్కటియే. "నల్లా వచ్చిందా?" అని ఒకరు అడుగుదురు; "వచ్చింది గాని ప్రెషరు లేదు" అని రెండవవారు బదులు చెప్పుదురు. ఆ వెనుక, క్రికెట్ మ్యాచి జరిగిన రాత్రి స్టేడియమునకు వచ్చినవారు సందులో అడ్డముగా నిలిపిన కార్లు, వరంగల్ రహదారిపై 2018లో శంకుస్థాపన జరిగి ఏండ్ల తరబడి స్తంభములుగానే నిలిచిన నారపల్లి వంతెన, దాని క్రింది గుంతలు, ధూళి, వీథికుక్కలు, పై అంతస్తున అర్ధరాత్రి ఈడ్చు కుర్చీలు, ప్రక్క ఫ్లాటులో తెల్లవారకముందే మ్రోగు మిక్సీ, ఇవన్నియు వరుసగా ప్రస్తావనకు వచ్చును. అడుగువానికి సమాధానము ముందే తెలియును. చెప్పువానికి తాను చెప్పుచున్నది క్రొత్తది కాదని తెలియును. అయినను ఒకనాడు ఆ నాలుగు మాటలు నడువకపోయినచో ఇరువురికిని ఏదియో వెలితిగా నుండును.

ఈ గొణుగుడు వృథాకాలక్షేపమా, లేక ఒక బస్తీ తన్ను తాను ఎరుగుటకు గల సాధనమా యను ప్రశ్న నాకు చిన్నదిగా తోపదు. ఏలయన మహానగరమున మనుష్యుని పౌరజీవితములో అధికభాగము గడచునది సభాభవనములలో కాదు, ఇట్టి గేట్ల యొద్దనే. వియ్యమందిన యిద్దరు పెద్దలు ఈ విషయమున వాదించుకొనగా ప్రక్కన కూర్చుండి వింటిని. ఆమె ఉప్పల్‌లో నివసించు విశ్రాంత ఉపాధ్యాయిని, సామాన్యశాస్త్రము బోధించినవారు. ఆయన మౌలాలి బేరింగుల కార్ఖానాలో ఉద్యోగము చేసి నాచారము హెచ్.ఎమ్.టి. నగరున స్థిరపడినవారు, ఆమె కుమార్తె ఆయన యింటి కోడలు. ఆనాడు నల్లా రాలేదు. ట్యాంకరు కొరకు ఎదురుచూచుచు ఆమె అపార్టుమెంటు సెల్లారులో, వాచ్‌మన్ గది ముందర వేసిన ప్లాస్టికు కుర్చీలలో వారు కూర్చుండియుండిరి. మొదట తలపడినది ఆమెయే.

ఆమె: అన్నయ్యగారూ, మీరు వచ్చి అరగంట కాలేదు, ఈలోపల మా సెల్లారులో నలుగురు మీతో మాట్లాడిరి, నలుగురును నీళ్ళ కష్టమే చెప్పుకొనిరి. వారిలో ఒక్కరైనను జలమండలి వారి 155313 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించినవారు లేరు. నేనడిగితిని. "చేస్తే ఏమైతది మేడమ్?" అనిరి. మీకు చెప్పుకొన్నంత మాత్రమున ఏమగునో వారు ఆలోచింపలేదు. నోటితో చెప్పుకొన్న కష్టము, చెప్పుకొన్నంతనే సగము తీరినట్లు తోచును. ఆ తోచుటయే దాని దోషము. మనస్సు తేలికపడినవాడు మరి కాగితమును కలమును వెదకడు.

ఆయన: చెల్లెమ్మా, వారు నాకు చెప్పినది నేను తీర్తునని కాదు, విందునని. ఉద్యోగకాలమంతయు బేరింగుల నడుమ గడపినవాడను గనుక నాకు తెలిసిన దృష్టాంతమే చెప్పెదను. బేరింగు చెడునప్పుడు తొలుత మారునది దాని ధ్వని. కొలిచి చూచినచో అన్నియు హద్దులలోనే యుండును. కాని ఆ యంత్రము ప్రక్కన ప్రతిదినము నిలుచు పనివాడు టీ త్రాగుచు, "ఇయ్యాల ఇది ఎందుకో వేరే తీరుగ మూలుగుతున్నది" అనును. లాగ్‌బుక్కులో వ్రాయుటకు ఆ మాటలో ఏమియు లేదు. సంఖ్య లేదు, కారణము లేదు. అవతలి యంత్రము వాడు "నాకు కూడ అట్లనే వినొచ్చింది" అన్నప్పుడు గాని ఫోర్‌మన్ లేచి వచ్చి చెవియొగ్గడు. గొణుగుడు అట్టిది. అది ఫిర్యాదు కాదు. ఫిర్యాదు పుట్టుటకు ముందు కలుగు అనుమానము. ఆ దశను త్రోసిపుచ్చి నేరుగా దరఖాస్తు వ్రాయుమనుట, దేనిని గూర్చి వ్రాయవలెనో తెలియనివానిని వ్రాయుమనుటయే యగును.

ఆమె: మీ కార్ఖానాలో ఫోర్‌మన్ కలడు, చెవియొగ్గుట ఆయన ఉద్యోగము. మా సెల్లారులో ఆ ఉద్యోగము ఎవరిది? జలమండలివారు 2021 మొదలుకొని నెలకు 20,000 లీటర్ల వరకు నీళ్ళు ఉచితముగా ఇచ్చుచున్నారు. అందుకు పనిచేయు మీటరు ఉండవలెను, ఆధారు అనుసంధానము చేయించుకొనవలెను. ఆ వార్త వచ్చిన నాటినుండి మా గేటు యొద్ద చర్చ సాగినది: మీటరు ఎవరు పెట్టించవలెను, ఫ్లాటులవారీగా లెక్క ఎట్లు తేలును, ఇదంతయు ఎన్నికల మాటయా, నిజమా యని. గడువు మీద గడువు పొడిగించిరి. చర్చించువారు చర్చించుచునే యుండిరి. చేయించుకొన్నవారికి బిల్లు తప్పినది. గొణిగినవారికి వెనుకటి బాకీతో కలిపి బిల్లు వచ్చినది. ఇక ఆ బిల్లును గూర్చి గొణుగుట మొదలైనది. ఈ చక్రమును మీరు జ్ఞానసాధన మనెదరా?

ఆయన: అది జరిగినమాటయే, కాదనను. కాని మా వీథిలో ఒక వేసవియందు జరిగినదియు వినుడు. నల్లానీళ్ళు వాసన రాసాగినవి. ప్రతియింటివారును, ఇది తమ సంపు కడుగకపోవుటవలననే యని సిగ్గుపడి, పొరుగువారికి తెలియనీయక, సంపు తోడించి, గోడలు తోమించి, బ్లీచింగు చల్లించి, మరల నింపుకొనిరి. మరల వాసన. ఇట్లు ఎవరికివారు తమ యింటి దోషమనుకొని మౌనముగా నున్నంతకాలము, ఆ దోషము వీథిదని తెలియు మార్గమే లేకపోయెను. ఒకనాడు కూరగాయల బండియొద్ద ఒక ముసలమ్మ ఇక పట్టలేక, "మా నీళ్ళు మోరీ కంపు కొడుతున్నయమ్మా" అనెను. అంతట బెండకాయలు ఏరుచున్నవారందరు చేతులు ఆపిరి. మీకునా, మీకునా యని ఒకరినొకరు అడిగిరి. నాలుగు దినములు అదే బండియొద్ద అదే మాట. ఆ మాటలలోనుండి క్రమముగా రెండు సంగతులు తేలినవి. నీళ్ళు వదలిన తొలి పది నిముషములలో పట్టుకొన్నవారికే వాసన. ఆలస్యముగా పట్టుకొన్నవారికి లేదు. వీథి మొదటనున్న ఇండ్లకు ఎన్నడును లేదు. మలుపు దాటిన పిమ్మటి ఇండ్లకే కలదు.

ఆమె: ఖాళీ గొట్టము.

ఆయన: అదియే. కోదండాపురమున శుద్ధిచేసిన కృష్ణాజలము నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి మన నగరమునకు నిర్మలముగనే వచ్చును. చెడునది కడపటి నూరు గజములలో. మనకు నీళ్ళు దినము విడిచి దినము వచ్చును గదా. రాని వేళ గొట్టము ఖాళీగా నుండును. ఖాళీ గొట్టమునకు చిల్లియున్నచో చుట్టునున్న మురుగు లోనికి ఊరును. నీళ్ళు వదలగానే ఆ మురుగు ముందుగా కొట్టుకొనివచ్చి, పిమ్మట ధార తేటపడును. కావున చిల్లి మలుపునొద్దనే యుండవలెను. లైన్‌మన్ వచ్చి అచ్చటనే త్రవ్వించగా, ఒక యింటికి పోవు ఇనుప గొట్టము మోరీ లోపలినుండి పోవుచు తుప్పుపట్టి, వ్రేలు పట్టునంత చిల్లిపడియుండెను. ఆ మలుపును కనిపెట్టినది కూరగాయల బండి చెల్లెమ్మా, కార్యాలయము కాదు.

ఆమె: లైన్‌మన్ అచ్చటనే త్రవ్వుటకు ఒప్పుకొన్నది ముసలమ్మ మాట విని కాదు గదా? ఆ వేళలు, ఆ యిండ్ల వరుస, ఎవరో వ్రాసియుండవలెను.

ఆయన: వ్రాసినది. ప్రక్కింటి పిల్ల, డిగ్రీ చదువుచున్నది. గోడ క్యాలెండరులో వాళ్ళమ్మ పాలు రాని దినములకు సున్నలు చుట్టుకొనును. ఆ గళ్ళలోనే ఈ పిల్ల పెన్సిలుతో ఇంటి నంబరు, నీళ్ళు వచ్చిన గంట, వాసన యున్నచో ఒక అడ్డగీత, ఇట్లు గుర్తులు పెట్టినది. ఆ నెల కాగితము చింపి లైన్‌మన్ చేతికిచ్చితిమి.

ఆమె: అదిగో. ఆ కాగితమే దరఖాస్తు. ఆ పిల్ల పెన్సిలు పట్టకపోయినచో మీ కూరగాయల బండి ఈనాటికిని ముక్కు మూసికొని మాట్లాడుకొనుచునే యుండెడిది. నేను తొమ్మిదవ తరగతి పిల్లలకు జాన్ స్నో కథ చెప్పెడిదానను. 1854లో లండను నగరమున సోహో పేటలో కలరా చెలరేగినప్పుడు ఆ వైద్యుడు చనిపోయినవారి యిండ్లను విచారించి, వారిలో అత్యధికులు బ్రాడ్ వీథిలోని ఒక పంపు నీళ్ళు త్రాగినవారని లెక్కతో చూపెను. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసివేయించిరి. ఆ పేటలో ప్రజలు గొణుగకపోలేదు, దుర్గంధమును తిట్టకపోలేదు. వారి గొణుగుడు అంతయు గాలిమీద పోయినది. నీటిని పట్టుకొన్నది లెక్క.

ఆయన: ఆ వైద్యుడు ఒక్కడే ఇంటింటికి తిరిగెనా?

ఆమె: లేదు, సత్యము చెప్పవలెను గదా, ఆ కథలో రెండవ మనిషి కూడ కలడు. హెన్రీ వైట్‌హెడ్ అను యువకుడు, ఆ పేట మతగురువు. స్నో చెప్పినది తప్పని నిరూపింపబూని ఆయనయు విచారణకు దిగెను. ఆ యిండ్లవారందరు ఆయనకు చిరపరిచితులు. కావున అడిగినదే మరల అడుగుటకు, చెప్పనిది చెప్పించుటకు ఆయనకు వీలైనది. తుదకు స్నో చెప్పినదే నిజమని ఒప్పుకొనుటయే గాక, పంపు ప్రక్కయింట ఒక పసిబిడ్డ మొదట జబ్బుపడగా, తల్లి ఆ గుడ్డలుతికిన నీళ్ళను ఇంటి ముందరి మురుగు గుంటలో పోసినదని, ఆ గుంట పంపు బావిలోనికి ఊరినదని తెలియుటకు కారకుడు ఆయనయే.

ఆయన: ఆ తల్లి ఆ మాట చెప్పినది లెక్కల పుస్తకమునకు కాదు చెల్లెమ్మా. తన్నెరిగిన మనిషికి చెప్పినది.

ఇచ్చట నా అభిప్రాయము దాచుకొనను. ఆయన చెప్పిన వృత్తాంతములో నన్ను మిక్కిలి కదిలించినది తుప్పుపట్టిన గొట్టము కాదు. ప్రతియింటివారును తమ సంపే చెడినదని సిగ్గుపడి నోరు మెదపకుండుట. నగరములో సామాన్యులైన దుఃఖములు ఎన్నియో ఇట్లే ఇంటింట విడివిడిగా దాగి, ఎవరికివారికి స్వంత లోపములుగా తోచుచుండును. పిల్లవాని దగ్గు మన యింటి తడిగోడ వలననే యనుకొందుము గాని, పారిశ్రామికవాడ వైపునుండి రాత్రివేళ వీచు గాలియందలి ఘాటును ప్రక్కవారు కూడ పీల్చుచున్నారా యని అడుగము. అడిగిననాడు గదా, ఏ రాత్రి, ఏ గంటకు అను ప్రశ్న పుట్టును. ఆ గంట తెలిసిననాడు గదా, కాలుష్యనియంత్రణ మండలివారిని ఆ గంటకే రమ్మనుటకు వీలగును. "మీకు కూడనా?" అను రెండు మాటలు సిగ్గును లోకవిషయముగా మార్చుచున్నవి. ఇంతవరకు నేను ఆయన పక్షమువాడను. కాని ఆమె ఆ పిమ్మట చెప్పినది వినుటకు నాకు కష్టముగనే యుండెను.

ఆమె: సరే, మీ వీథిలో దోషము గొట్టమునది; గొట్టమునకు మొగమాటపడవలసిన పని లేదు. దోషము మనిషిదైనప్పుడు మీ గొణుగుడు ఏమి చేయును? మా వరుసలో ఒకరు నల్లా గొట్టమునకు నేరుగా మోటారు బిగించి నీళ్ళు లాగుకొందురు. అది నిషిద్ధమని అందరికిని తెలియును. ఆ మోటారు తిరుగునంతసేపు చివరి యిండ్లకు చుక్క రాదు. అంతియే కాదు, మీరు చెప్పిన చిల్లిలోనుండి మురుగును బలవంతముగా లోనికి పీల్చునదియు అట్టి మోటారే. ఇది చాలకాలముగా అందరి నోళ్ళలో నానుచున్నది. ఆయన ఎదురుపడగానే మాత్రము "టిఫినైందా సార్?" అందురు. మరి కోపము ఎచ్చటికో పోవలెను గదా. అది ఈ వాచ్‌మన్ గదిలోనికి పోయినది. వాల్వు సరిగా త్రిప్పుట లేదని మా వాచ్‌మన్‌ను ఇద్దరు తిట్టిరి. అతని భార్య బట్టలుతుకుటకు నీళ్ళన్నియు గుమ్మరించుచున్నదని ఇంకొకరనిరి. రెండవ అంతస్తున కిరాయికున్న కుర్రవాండ్రు అయిదుగురు స్నానములు చేసి సంపు ఎండబెట్టుచున్నారని మరియొకరు. గొణుగుడు ఎల్లప్పుడును పల్లమునకే పారును, అన్నయ్యగారూ. బదులు చెప్పలేనివాని ఇంటిముందు నిలుచును.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. వాచ్‌మన్ భార్య అప్పుడే రెండు ఖాళీ బిందెలు తెచ్చి గోడప్రక్క పెట్టి, ట్యాంకరు వచ్చునేమో యని గేటువైపు చూచి లోనికి పోయెను.

ఆయన: మీరన్నదానికి నా యొద్ద పూర్తి సమాధానము లేదు. ఒక కారణము మాత్రము చెప్పగలను. ఆ మోటారు మనిషి యింటి గోడయు వీరి గోడయు ఒక్కటియే. అర్ధరాత్రి ఎవరికైన గుండెనొప్పి వచ్చినచో కారు తీయవలసినది ఆయనయే. ముఖముమీద అనిన మాట మరల తీసికొనుట కుదరదని జనులకు భయము. పూర్వము ఆ మాటను మోసికొనిపోవు పెద్దమనిషి యొకడుండెడివాడు. ఉప్పల్ కలాను, కాప్రా పురపాలక సంఘములు వేరుగా నున్ననాడు కౌన్సిలరు మన వీథులలో తిరుగు మనిషియే. స్కూటరు ఆపి చెప్పినచో వినెడివాడు, సాయంకాలము ఆ యింటికి పోయి టీ త్రాగుచు మెల్లగా చెప్పి వచ్చెడివాడు. 2007 ఏప్రిల్ 16న ఆ సంఘములన్నియు మహానగరపాలక సంస్థలో కలిసిపోయినవి. అటుపిమ్మట మీరు ఉప్పల్ సర్కిలు, మేము కాప్రా సర్కిలు అయితిమి. మాటను మోయువాడు పోయినాడు. మాట మాత్రము గేటు యొద్ద మిగిలిపోయినది.

ఆమె: ఆ స్కూటరు ఎవరు ఆపగా ఆగెడిది? మీరు ఆపగా ఆగెడిది; కార్ఖానా ఉద్యోగి, సొంతయింటివాడు, పురుషుడు. కిరాయింటి ఇల్లాలు చేయెత్తినచో ఆగెడిదా? నేను ఆ 155313 సంఖ్యను పట్టుకొని వ్రేలాడుటకు కారణము అది గొప్పగా పనిచేయునని కాదు. దానికి అవతలి వారెవరో తెలియదు. తెలియకపోవుటయే మాబోటివారికి రక్ష.

ఈ సమాధానము నాకు అపూర్వముగా తోచినది. పరిచయమునకు గల బలమును గూర్చి వ్రాసినవారు పెక్కురు. అపరిచయములో సమానత్వమున్నదని, ముఖమెరుగని గుమాస్తా యెదుట యజమానుడును కిరాయిదారుడును ఒకే ఫిర్యాదు నంబరుగా మారుదురని, నాకు ఇంత స్పష్టముగా చెప్పినది ఆమెయే.

ఆయన: ఒప్పుకొంటిని. కాని అపరిచయము చేయలేని పని యొకటి కలదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మీకు జ్ఞాపకమే. రామంతాపూరు చెరువు నిండి, హబ్సిగూడ పల్లపు వీథులలో నీళ్ళు నడుములదాక వచ్చినవి, కరెంటు పోయినది, ఫోనులు కొంతసేపటికి చార్జి లేక ఆగిపోయినవి. మా బంధువుల సందులో క్రింది వాటాలో మంచముపట్టిన ముసలాయన యొకడున్నాడని పై అంతస్తుల కుర్రవాండ్రకు తెలియును. ఎట్లు తెలియును? ఆయన కోడలు ప్రతిదినము మెట్లయొద్ద నిలిచి, మామగారితో వేగలేకపోవుచున్నానని చెప్పుకొనెడిది. విని విని విసిగినవారే ఆ రాత్రి తలుపు విరుగగొట్టి, కుర్చీలో కూర్చుండబెట్టి మీదికి మోసిరి. ఏ రిజిస్టరులోను ఆయన పేరునకు ఎదురుగా మంచముపట్టినవాడని వ్రాసిలేదు.

ఆమె: క్రింది వాటాలో ఎవరుందురు అన్నయ్యగారూ? ఇటువంటి వీథులలో క్రింది వాటా కిరాయికిచ్చెదరు. మీది వాటాలో యజమానులుందురు. సెల్లారులో వాచ్‌మన్ కుటుంబముండును. వాన వచ్చినను, నీళ్ళు రాకపోయినను, మొదట తగులునది వారికే. వారు మెట్లయొద్ద చెప్పుకొందురు, మీరు విందురు, అది మంచిదే. మరి నెలకొకమారు జరుగు సంఘ సమావేశములో వారికి కుర్చీ యున్నదా?

ఆయన: లేదు. 1987 నాటి అపార్టుమెంటుల చట్టము చెప్పు సంఘము యజమానుల సంఘమే. కావుననే గదా నేను గేటు యొద్ద మాటలను ఇంతగా వెనుకవేసికొనివచ్చుచున్నాను; కిరాయిదారునికి ఓటున్న సభ అదొక్కటియే.

ఆమె: ఆ సభలో ఓటు ఉన్నది, తీర్మానము లేదు. నేను ఈ ఆదివారము మా సమావేశమునకు ఆ అయిదుగురు కుర్రవాండ్రను, వాచ్‌మన్ దంపతులను పిలిచెదను. ఓటు ఇచ్చుటకు చట్టము ఒప్పుకొనకపోవచ్చును. కూర్చుండబెట్టి వినుటను ఏ చట్టమును అడ్డుకొనదు. వారు మెట్లయొద్ద చెప్పు మాటలే అచ్చట చెప్పుదురు. నేను మినిట్సు పుస్తకములో వ్రాసెదను. మోటారు సంగతియు ఆనాడే, ఆ మనిషిని కూడ పిలిచి, ఆయన ఎదుటనే.

ఆయన: కొందరు యజమానులు లేచిపోవుదురేమో.

ఆమె: పోవుదురు గాక. చాలినంతమంది లేకపోయినచో పై ఆదివారము మరల పిలిచెదను.

ఆయన: అట్లే కానిండు, ఒక్కటి మాత్రము నా మాట వినుడు. ఆ మనిషికి మోటారు సంగతి నలుగురిలో మొదటిసారి చెవినబడకూడదు. అట్లు వినినవాడు మోటారు విప్పడు, పంతము పట్టును. సమావేశమునకు ముందే ఇరువురము కలిసి వారి యింటికి పోయి, చివరి యిండ్లవారికి నీళ్ళు అందుట లేదని, గొట్టములోనికి మురుగు వచ్చునని, ఆ మురుగు నీళ్ళు ఆయన సంపులోనికే మొదట పోవునని చెప్పుదము. విప్పినచో సమావేశములో ఆ ప్రస్తావన అక్కరలేదు. విప్పకపోయినచో మీ మినిట్సు పుస్తకము ఉండనే యున్నది.

ఆమె: శనివారము సాయంకాలము ఆరు గంటలకు ఆయన ఇంటనే యుండును. మీరు అయిదింటికి రండు. పోవుటకు ముందు ఆ అయిదుగురు కుర్రవాండ్రను, వాచ్‌మన్ భార్యను కూర్చుండబెట్టి, ఏ దినము ఎన్ని గంటలకు నీళ్ళు ఆగినవో అడిగి వ్రాసికొనవలెను. ఉత్త మాటతో పోయినచో ఆయన నమ్మడు.